మొండి బ్యాక్టీరియాకు జంట మందులు: రిపోర్టు కిటికీ దగ్గర అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఒక ల్యాబులో బ్యాక్టీరియాను పెంచి, అది ఏ మందుకు చస్తుందో చూసి చెప్పడం నా పని. రిపోర్టు తీసుకోవడానికి వచ్చినవాళ్లు కిటికీ దగ్గర నిలబడి అడిగేవి, పెళ్లిళ్లలో చుట్టాలు పక్కకు పిలిచి అడిగేవి ఇక్కడ రాశాను. నేను డాక్టర్ని కాదు. ఏ మందు ఎంత వేసుకోవాలో ఇక్కడ దొరకదు. రెండు మందులు ఎందుకు కలుపుతారో, ఎప్పుడు కలపకూడదో మాత్రం దొరుకుతుంది.

ఒక యాంటీబయాటిక్ పనిచేయకపోతే రెండు వేస్తే పోతుంది కదా, ఇందులో పెద్ద లెక్కేముంది?

అందరూ ముందు అడిగేది ఇదే. ఒక మనిషి ఎత్తలేని బస్తాను ఇద్దరు ఎత్తినట్టు అనుకుంటారు. మందులు అలా పనిచేయవు. బ్యాక్టీరియా లొంగని మందులు రెండు కలిపితే, చాలాసార్లు లొంగని మందులు రెండు ఉన్నట్టే, అంతే. జంటకు ఒక కారణం ఉండాలి. ఒక మందు ఇంకోదాన్ని కాపాడాలి, లేదా అది లోపలికి వెళ్లడానికి దారి చెయ్యాలి, లేదా ఒకదాని నుంచి తప్పించుకున్న క్రిమిని రెండోది పట్టుకోవాలి. రోగి పరిస్థితి బాగోలేక, ఏ క్రిమో ఇంకా తెలియక, రిపోర్టు వచ్చేదాకా రెండు వైపులా కాపలా పెట్టడం నాలుగో కారణం. ఈ నాలుగింటిలో ఏదీ లేకపోతే రెండో మందు ఖర్చు, సైడ్ ఎఫెక్టు తప్ప ఇంకేం ఇవ్వదు.

మందు పనిచేయట్లేదంటే మా ఒంటికి అలవాటు పడిపోయిందనా?

కాదు. అలవాటు పడింది బ్యాక్టీరియా, మీ ఒళ్లు కాదు. అందుకే జీవితంలో ఎప్పుడూ యాంటీబయాటిక్ వేసుకోని మనిషికి కూడా ఆసుపత్రిలోనో, ఇంట్లో ఇంకొకరి నుంచో మొండి బ్యాక్టీరియా అంటుకోవచ్చు.

అది నాలుగు రకాలుగా తప్పించుకుంటుంది. మందును కత్తిరించే ఎంజైమును తయారు చేసుకుంటుంది. లోపలికి వచ్చిన మందును పంపుతో బయటికి తోడేస్తుంది. మందు వచ్చే రంధ్రాలను మూసుకుంటుంది. మందు పట్టుకోవాల్సిన చోటు ఆకారాన్నే మార్చేసుకుంటుంది. ఏ దారిలో తప్పించుకుంటోందో తెలిస్తేనే దానికి తగ్గ జోడీ తెలుస్తుంది.

మెడికల్ షాపులో ‘625’ అని అడిగితే ఇచ్చే బిళ్ళలో రెండు పేర్లుంటాయి. రెండూ యాంటీబయాటిక్కులేనా?

దాదాపు ఒకటే. అందులో 500 మిల్లీగ్రాములు అమాక్సిసిలిన్, 125 మిల్లీగ్రాములు క్లావులనిక్ యాసిడ్. చంపేది అమాక్సిసిలిన్. క్లావులనిక్ యాసిడ్‌కు సొంతంగా చంపే శక్తి నామమాత్రం. దాని పని వేరే. అమాక్సిసిలిన్‌ను కత్తిరించే ఎంజైము ఉంటుంది కదా, దాని నోట్లోకి ఇది తానే వెళ్లి ఇరుక్కుంటుంది. గాలానికి చిక్కిన చేపలాగా ఎంజైము దాన్ని వదిలించుకోలేదు. ఈలోగా అమాక్సిసిలిన్ తన పని తాను చేసుకుపోతుంది. 1970లలో ఒక మట్టి సూక్ష్మజీవి నుంచి దీన్ని వేరు చేశారు, 1981లో ఈ జోడీ మార్కెట్లోకి వచ్చింది.

ఆసుపత్రుల్లో ఎక్కించే పైపెరాసిలిన్-టాజోబాక్టామ్, సెఫోపెరాజోన్-సల్బాక్టామ్‌ల వెనకా ఇదే ఎత్తు. పేరు చివర ‘బాక్టామ్’ అని ఉంటే అది అంగరక్షకుడు అని గుర్తుపెట్టుకోండి. కానీ ఏ అంగరక్షకుడూ అన్ని కత్తులనూ ఆపలేడు. ఆ కథ కిందికి వస్తుంది.

జలుబుకు ఈ 625 అడిగి కొనుక్కునేవాళ్లు మా బస్తీలో బోలెడు మంది. జలుబు వైరస్ వల్ల వస్తుంది. దానికి ఈ రెండు పేర్లలో ఏదీ పనికిరాదు.

సెప్ట్రాన్ కూడా జంట మందే అంటారు, నిజమా?

నిజం. నాకు బాగా ఇష్టమైన జోడీ కూడా అదే, ఎందుకంటే ఇందులో మన తెలుగువాడి నీడ ఉంది.

బ్యాక్టీరియా బతకాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. మనకూ కావాలి, కానీ మనం ఆకుకూరల్లో, పప్పుల్లో తింటాం. చాలా బ్యాక్టీరియాలకు ఆ సౌకర్యం లేదు, సొంతంగా వండుకోవాలి. సెప్ట్రాన్‌లో ఉన్న రెండు మందుల్లో సల్ఫామెథాక్సజోల్ ఆ వంటలో ముందు మెట్టును ఆపుతుంది, తర్వాతి మెట్టును ట్రైమెథోప్రిమ్ ఆపుతుంది. ఒకే వంటింట్లో పొయ్యి ఒకరు ఆర్పి, గిన్నె ఇంకొకరు ఎత్తుకెళ్లినట్టు. విడివిడిగా కన్నా కలిసి వేస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. సల్ఫా ఆపే మెట్టు మనిషి కణాల్లో అసలు లేదు. రెండో మెట్టు మనలోనూ ఉంది గానీ, ట్రైమెథోప్రిమ్ బ్యాక్టీరియా ఎంజైమును పట్టుకున్నంత గట్టిగా మనదాన్ని పట్టుకోదు.

ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1940ల మధ్యలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు ఇంకోసారి వస్తుంది, ఈసారి అంత సంతోషంగా కాదు.

టీబీకి ఒకేసారి నాలుగు మందులెందుకు? నాలుగైదు బిళ్ళలు చూస్తేనే మా నాన్నకు టెన్షన్.

ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి దగ్గర ఈ ప్రశ్న అడగని కుటుంబం ఉండదేమో. జవాబు అంతా లెక్కలో ఉంది, కాస్త ఓపిగ్గా చూడండి.

టీబీ క్రిముల్లో ఐసోనియాజిడ్‌కు లొంగనిది పుట్టుకతోనే సుమారు 10 లక్షల్లో ఒకటి ఉంటుంది. రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు 10 కోట్లలో ఒకటి. ఊపిరితిత్తిలో గుంత పడిన రోగిలో 10 కోట్ల నుంచి 100 కోట్ల క్రిములు ఉండొచ్చు. ఐసోనియాజిడ్ ఒక్కటే ఇస్తే ఏమవుతుంది? మామూలువి చస్తాయి, లొంగని వంద, వెయ్యి మిగిలి పిల్లల్ని పెడతాయి. రోగి మొదటి నెల బాగుంటాడు, తర్వాత మళ్లీ దగ్గు. రెండింటికీ ఒకేసారి లొంగనిది ఉండాలంటే ఆ రెండు అంకెలనూ గుణించాలి. కోటి కోట్లలో ఒకటి. అన్ని క్రిములు ఏ మనిషి ఊపిరితిత్తిలోనూ ఉండవు.

ఈ లెక్క పుస్తకాల్లోంచి రాలేదు, చేదు అనుభవం నుంచి వచ్చింది. 1947లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి చూశారు. రోగులు లేచి కూర్చున్నారు. కొన్ని నెలల్లో చాలామందిలో క్రిమి మందుకు లొంగడం మానేసింది. రెండో మందు జత చేశాకే అది తగ్గింది.

నాలుగింటిలో ప్రతిదానికీ ఒక డ్యూటీ ఉంది. ఐసోనియాజిడ్ చురుగ్గా పెరిగేవాటిని మొదటి రోజుల్లోనే చంపుతుంది. రిఫాంపిసిన్ అప్పుడప్పుడు లేచే బద్ధకపు క్రిములను కూడా పట్టుకుంటుంది. ఆమ్లం ఉన్న మూలల్లో దాక్కున్నవాటికి పైరజినమైడ్. ఐసోనియాజిడ్ ముందే పనిచేయని పరిస్థితి ఉంటే రిఫాంపిసిన్ ఒంటరి కాకుండా ఇథాంబుటాల్ తోడు. మామూలు టీబీకి మొదటి 2 నెలలు నాలుగూ, తర్వాత 4 నెలలు పైరజినమైడ్ తప్ప మిగతా మూడూ. మీ నాన్నగారికి చెప్పండి, అవి నాలుగైదు మందులు కావు, బరువును బట్టి నాలుగు మందులూ కలిపే చేసిన ఒకే రకం బిళ్ళలు. మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు పడొద్దని కూడా చెప్పండి, అది రిఫాంపిసిన్ రంగు.

మొండి టీబీకి కూడా ఇప్పుడు జట్టు మారింది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లైనెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపి సుమారు 6 నెలలు ఇచ్చే పద్ధతికి 2024 సెప్టెంబర్‌లో మన దేశం అనుమతి ఇచ్చింది. ఇంతకుముందు ఇది ఏడాదిన్నర దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ సాగేది.

అయితే ఆసుపత్రి బ్యాక్టీరియా మీద కూడా అదే గుణకారం పెట్టొచ్చు కదా?

పెట్టలేం. టీబీ క్రిమి తన జన్యువులో తప్పు దొర్లి మొండిగా మారుతుంది, ఒక్కో మందుకు ఒక్కో తప్పు విడిగా జరగాలి. క్లెబ్సియెల్లా, ఈ కోలి వంటివి అలా కాదు. వాటి దగ్గర ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరం ఉంటుంది. ఐదారు మందులకు లొంగని జన్యువులు ఒకే ఉంగరం మీద గుచ్చి ఉండొచ్చు. పక్క బ్యాక్టీరియాకు ఆ ఉంగరం కాపీ అందితే చాలు, అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. విడివిడిగా జరిగేవాటిని గుణించొచ్చు గానీ, మూట కట్టి వచ్చినదాన్ని ఏం గుణిస్తాం?

ఇంకో తంటా కూడా ఉంది. ఆ మూటలో ఏ ఒక్క మందు వాడినా మొత్తం మూట బతికే ఉంటుంది. వాడని మందుకు కూడా మొండితనం కొనసాగేది అందుకే.

ఐసీయూలో ఉన్న మా అత్తయ్యకు రెండు ఖరీదైన ఇంజెక్షన్లు ఒకే సమయంలో ఎక్కిస్తున్నారు. రిపోర్టులో రెండింటికీ ‘ఆర్’ అని ఉంది! మమ్మల్ని మోసం చేస్తున్నారా?

రిపోర్టులో ‘ఎస్’ అంటే మందుకు లొంగుతుంది, ‘ఆర్’ అంటే లొంగదు. రెండూ ‘ఆర్’ ఉండి, ఆ రెండే ఇస్తుంటే అనుమానం రావడం సహజం. కానీ ఆ ఇంజెక్షన్ల పేర్లు సెఫ్టాజిడిమ్-అవిబాక్టామ్, అజ్‌ట్రియోనామ్ అయితే, అది మోసం కాదు, ఈ మొత్తం విషయంలో అందమైన ఎత్తు.

2010లో ఎన్‌డీఎం అనే ఎంజైము గురించి పెద్ద గొడవ జరిగింది, గుర్తుందా? పేరులో న్యూఢిల్లీ ఉందని మన దేశంలో చాలామందికి కోపం వచ్చింది. పేరు సంగతి ఎలా ఉన్నా ఎంజైము మాత్రం నిజం. మెరోపెనెమ్ వంటి పెద్ద మందులను కూడా అది కత్తిరిస్తుంది. అవిబాక్టామ్ దాన్ని ఆపలేదు. అది కత్తిరించలేని మందు ఒకటుంది, అజ్‌ట్రియోనామ్. మరి ఆ ఒక్కటే ఇవ్వొచ్చు కదా? ఇవ్వలేం, ఎందుకంటే ఎన్‌డీఎం ఉన్న బ్యాక్టీరియా దగ్గర సాధారణంగా వేరే కత్తెరలు కూడా ఉంటాయి, అవి అజ్‌ట్రియోనామ్‌ను కత్తిరిస్తాయి. ఆ వేరే కత్తెరల నోరు మూయించేది అవిబాక్టామ్.

అంటే అవిబాక్టామ్ కాపలా కాస్తే అజ్‌ట్రియోనామ్ చంపుతుంది. మరి సెఫ్టాజిడిమ్ పనేంటి అంటే, ఏమీ లేదు. అవిబాక్టామ్ ఒంటరిగా అమ్మరు కాబట్టి వెంట వచ్చిన చుట్టం. రెండు మందులూ ఒకే సమయంలో రక్తంలో ఉంటేనే ఈ ఎత్తు పారుతుంది, అందుకే ఒకేసారి ఎక్కిస్తున్నారు. అజ్‌ట్రియోనామ్, అవిబాక్టామ్ నేరుగా కలిపిన మందుకు 2024లో యూరప్, 2025లో అమెరికా అనుమతి ఇచ్చాయి.

ప్రతిసారీ పనిచేస్తుందా అంటే, లేదు. మన దేశంలో దొరికే కొన్ని ఈ కోలి రకాలు అజ్‌ట్రియోనామ్ పట్టుకునే చోటునే కాస్త మార్చేసుకున్నాయి. అందుకే మీ డాక్టర్ ఈ జోడీ కలిసి పనిచేస్తుందో లేదో ల్యాబును విడిగా అడుగుతారు.

ల్యాబులో అది ఎలా చూస్తారు?

పళ్ళెంలో బ్యాక్టీరియాను పలచగా పూసి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు రెండు పక్కపక్కన పెడతాం. మర్నాటికి బ్యాక్టీరియా పొగమంచులా పెరుగుతుంది. మందు పనిచేసిన చోట ఖాళీ వలయం మిగులుతుంది. రెండు బిళ్ళల చుట్టూ విడిగా ఖాళీ లేకపోయినా, వాటి మధ్యన మాత్రం పెరగకుండా ఆగిపోయిందంటే జోడీ కుదిరినట్టు. కొన్నిసార్లు ఆ ఖాళీ తాళంచెవి రంధ్రం ఆకారంలో వస్తుంది. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా, పొద్దున్నే పళ్ళెం మూత తీసి ఆ ఆకారం కనబడితే నాకు ఇప్పటికీ సంబరమే.

కొలిస్టిన్, మెరోపెనెమ్ కలిపి ఇస్తున్నారు. మంచిదేనా?

పళ్ళెంలో ఈ జోడీ చాలాసార్లు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. మనుషుల్లో ఆ మేరకు కనబడలేదు. ఇజ్రాయెల్, గ్రీస్, ఇటలీల్లో 406 మంది రోగులతో చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో కొలిస్టిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లకూ, మెరోపెనెమ్ కలిపినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్లలో ఎక్కువమందికి ఉన్నది ఎసినెటోబ్యాక్టర్ అనే క్రిమి. వేరే క్రిమికి, వేరే పరిస్థితికి డాక్టర్ లెక్క వేరేగా ఉండొచ్చు. నా వరకు, పళ్ళెం మీద ఫలితాన్ని చూసి రోగికి హామీ ఇవ్వడం మానేసింది ఆ పరీక్ష చదివాకే.

కలిపితే నష్టం కూడా జరుగుతుందా?

జరిగింది. సుబ్బారావు గారి పేరు మళ్లీ వస్తుందన్నాను కదా. ఆయన నడిపించిన పరిశోధన విభాగం నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. గొప్ప మందు. 1951లో అమెరికా డాక్టర్లు న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చిన మెదడు పొరల వాపుకు పెన్సిలిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లనూ, పెన్సిలిన్‌కు ఆరియోమైసిన్ కలిపి ఇచ్చినవాళ్లనూ పోల్చి చూశారు. కలిపి ఇచ్చినవాళ్లలోనే చావులు ఎక్కువ.

తప్పు ఏ మందుదీ కాదు. పెన్సిలిన్ పెరుగుతున్న బ్యాక్టీరియానే చంపగలదు, అది గోడ కట్టుకుంటుంటే ఆ గోడను పాడుచేస్తుంది. ఆరియోమైసిన్ బ్యాక్టీరియా పెరుగుదలనే ఆపేస్తుంది. మేస్త్రీలు పని ఆపేసిన ఇంట్లో గోడ ఎలా కూల్చాలి?

సరిగ్గా దీనికి తిరగేసిన జోడీ కూడా ఉంది. గుండె కవాటాల మీద ఎంటెరోకాకస్ అనే బ్యాక్టీరియా చేరితే పెన్సిలిన్ గోడను బలహీనపరుస్తుంది, ఆ సందులోంచి జెంటామైసిన్ లోపలికి దూరుతుంది. అదే పెన్సిలిన్. తోడు మారితే ఫలితం మారింది.

కిడ్నీల సంగతి కూడా ఉంది. రక్తంలో ఎంఆర్‌ఎస్‌ఏ అనే మొండి స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా ఉన్నవాళ్లకు మామూలు మందుతో పాటు ఇంకో పెన్సిలిన్ రకం మందు కలిపి చూసిన పరీక్షను మధ్యలోనే ఆపేశారు, ఫలితం 2020లో వచ్చింది. ప్రాణాలు అదనంగా దక్కలేదు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు మాత్రం పెరిగారు.

విరేచనాలకు ఆర్‌ఎంపీ ఇచ్చే బిళ్ళలో రెండు మందులుంటాయి. అదీ ఇలాంటి జోడీయేనా?

అందులో ఒకటి బ్యాక్టీరియాకు, ఇంకోటి అమీబా వంటివాటికి. రెండూ ఒకేసారి ఉండటం అరుదు. ‘ఏదో ఒకటి తగులుతుందిలే’ అని చీకట్లో రాయి విసరడం తప్ప ఇది జోడీ కాదు. చాలా విరేచనాలకు ఓఆర్ఎస్ నీళ్లే అసలు మందు. కారణం లేని ఇలాంటి కలగాపులగం మందుల్లో కేంద్రం 2016లో ఒకసారి 344 రకాలను, 2018లో 328 రకాలను, 2024లో 156 రకాలను నిషేధించింది. వాటిలో యాంటీబయాటిక్ కానివి కూడా ఉన్నాయి. ఇంకా షాపుల్లో ఉన్నవాటిలో అన్నింటికీ గట్టి కారణం ఉందని నేను నమ్మను.

యాంటీబయాటిక్‌తో పాటు కషాయం, ఐరన్ బిళ్ళ, పాలు తీసుకోవచ్చా?

కషాయం సంగతి మీ డాక్టర్‌కు చెప్పి తాగండి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటివాటిని మాత్రం ఐరన్, కాల్షియం బిళ్ళలతో, గ్యాస్‌కు వేసుకునే యాంటాసిడ్‌తో కలిపి మింగొద్దు. అవి కడుపులోనే ఒకదాన్నొకటి పట్టుకుని, మందు రక్తంలోకి సరిగ్గా చేరదు. పాలతోనూ సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకోవద్దు. రిఫాంపిసిన్ వాడేవాళ్లకు గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచేయవు, ఇది చాలామందికి ఎవరూ చెప్పరు.

మన హైదరాబాద్ నీళ్లలోనే యాంటీబయాటిక్కులున్నాయంటారు, పుకారా?

పుకారు కాదు. పటాన్‌చెరు దగ్గర సుమారు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. 2007లో వచ్చిన ఆ వ్యాసం ప్రకారం లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. చికిత్సలో ఉన్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. అది కుళాయి నీళ్ల సంగతి కాదు, వాగులోకి వెళ్లే నీళ్ల సంగతి. కానీ ఆ వాగులో బ్యాక్టీరియా ఉంది, ఉంగరాలు పంచుకుంటోంది. ప్రపంచానికి మందులు చేసి పెడతామని గర్వంగా చెప్పుకునే ఊరు మనది, గర్వపడాల్సిందే. ఆ వాగు సంగతి కూడా అదే వాక్యంలో చెప్పుకోవాలి.

బ్యాక్టీరియాను తినే వైరస్‌లు ఉంటాయట, వాటిని కలపొచ్చా?

ఫేజ్‌లు. 2016లో శాన్ డియాగోలో చావు అంచుకు చేరిన ఒక రోగి ఫేజ్‌లు, యాంటీబయాటిక్ కలిపి ఇచ్చాక బతికాడు. ఫేజ్ నుంచి తప్పించుకోవడానికి బ్యాక్టీరియా తన పై తొడుగు మార్చుకుంటే, కొన్నిసార్లు పాత మందుకు మళ్లీ లొంగుతుంది. ఇంకా మామూలు చికిత్స కాలేదు.

కొత్తగా మన దగ్గర ఏమైనా వస్తున్నాయా?

చెన్నైలో పుట్టిన ఎన్‌మెటాజోబాక్టామ్ అనే అంగరక్షకుడు సెఫెపిమ్‌తో జతకట్టి 2024లో అమెరికా, యూరప్ అనుమతులు తెచ్చుకున్నాడు. ఇక హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో మంజులా రెడ్డి గారి బృందం బ్యాక్టీరియా గోడ ఎలా పెరుగుతుందో విప్పి చూపింది. గోడ పెరగాలంటే ముందు దాన్ని అక్కడక్కడా కత్తిరించాలి, ఆ కత్తిరించే ఎంజైములను వాళ్లు పట్టుకున్నారు. 2019లో ఆమెకు ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. అది మందు కాదు, మందు కొట్టగల కొత్త చోటు. పెన్సిలిన్ కట్టేవాడిని ఆపుతుంది. కత్తిరించేవాడినీ ఆపే మందు వస్తే ఆ ఇద్దరి జోడీ ఎలా ఉంటుందో చూడాలని నాకు ఆశ.

మా మనిషి దవాఖానలో ఉన్నారు. మేం డాక్టర్‌ను ఏమని అడగాలి?

మొదటి డోసుకు ముందే కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు, శాంపిల్ పంపారా అని అడగండి. మా పిన్నికి జ్వరం వచ్చినప్పుడు ఒక ఆసుపత్రిలో రెండు రోజులు రెండు యాంటీబయాటిక్కులు ఎక్కించాక మూత్రం పంపారు. పళ్ళెంలో ఏమీ పెరగలేదు. ఏ క్రిమో తెలియక, ఏ మందు ఆపాలో తెలియక పది రోజులు రెండూ సాగాయి. ప్రాణం నిలబెట్టడానికి మందు వెంటనే మొదలుపెట్టాల్సిందే, కానీ సూది గుచ్చి రక్తం తీయడానికి పట్టేది రెండు నిమిషాలే.

రెండు మందులిస్తుంటే ఏది ఏ పని చేస్తోందని మర్యాదగా అడగండి. మంచి డాక్టర్ ఒక్క వాక్యంలో చెప్తారు. రెండు మూడు రోజుల్లో రిపోర్టు వచ్చాక ‘వీటిలో ఇప్పుడు ఒకటి ఆపొచ్చా, సార్?’ అని అడగండి. ఇంటికి పంపేటప్పుడు రెండు బిళ్ళలు రాసిస్తే, ఒకటి పడట్లేదని దాన్ని మాత్రమే మానేసి రెండోది మింగుతూ ఉండొద్దు, ఫోన్ చేసి అడగండి. టీబీ మందుల్లో ఇది మరీ ముఖ్యం.

పాత కల్చర్ రిపోర్టులు పారేయకండి. పోయినేడాది ఏ క్రిమి వచ్చింది, దేనికి ‘ఆర్’ అని ఉంది అన్నది, కొత్త రిపోర్టు వచ్చేదాకా ఆ డాక్టర్ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.